ఎడమ మోకాలి చుక్క

కొలతలు తీసేటప్పుడు ప్రతి మనిషీ ఊపిరి బిగబడతాడని టేపక్కకి పద్దెనిమిదో ఏటే తెలిసింది. నడుము చుట్టూ టేపు వెయ్యగానే పొట్ట లోపలికి పోతుంది, ఛాతీ పైకి లేస్తుంది, మొహంలోకి ఏమీ ఎరగని అమాయకత్వం వస్తుంది. ఆ అంకె నమ్మి కుడితే బట్ట వారంలో వెనక్కొస్తుంది. అందుకని ఆమె టేపు వేసి ఊరికే నిలబడేది. మీ వీధిలో తవ్విన గొయ్యి పూడ్చారా, మీ పక్కింటి వాళ్ళ కుక్క ఇంకా అరుస్తోందా అని ఏదో ఒకటి అడిగేది. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా. వదిలిన క్షణంలో అంకె చూసుకునేది.

పద్నాలుగేళ్ళు అలా కొలిచాక, రెడీమేడ్ బట్టల ముందు చేతులెత్తేసి యజమాని టైలరింగు షాపు మూసేశాడు. ఆమె ఆర్నెల్లు కంప్యూటరు కోర్సు చేసి, పాత గోడౌనులో పెట్టిన ఒక స్టూడియోలో పనికి వెళ్ళింది. "కుట్టుపని చేసేదానివి, ఇక్కడేం చేస్తావమ్మా?" అని అడిగారు. "ఇక్కడ కూడా చిరుగులే కదండీ" అంది. వాళ్ళు నవ్వి తీసుకున్నారు. మెడలో టేపు తీసి సొరుగులో పెట్టిందిగానీ పేరు మాత్రం టేపక్కగానే ఉండిపోయింది.

వీడియో ఆటల్లో, సినిమాల్లో కంప్యూటరు బొమ్మ మనిషిలా నడవాలంటే ముందు ఒక మనిషి నడిచి చూపించాలి. నల్లటి బిగుతు సూటు తొడిగి ఒంటినిండా యాభై మూడు చోట్ల గోళీకాయంత బుడిపెలు అంటిస్తారు. వెలుతురు పడితే అవి మెరుస్తాయి. గోడల మీద చుట్టూ పన్నెండు కెమెరాలుంటాయి. వాటికి మనిషి అక్కర్లేదు, బుడిపెలే కావాలి. తెరమీద చీకట్లో యాభై మూడు తెల్ల చుక్కలు నడుస్తాయి, పరిగెడతాయి, పడతాయి, లేస్తాయి. ఒక్కో చుక్క కనీసం రెండు కెమెరాల కంట పడాలి. మనిషి వంగినా, చెయ్యి అడ్డొచ్చినా చుక్క మాయమైపోతుంది. అరసెకను మాయమైతే చాలు, బొమ్మ మోకాలు పక్కకి ఎగిరిపోతుంది, మోచెయ్యి వెనక్కి విరుగుతుంది.

పోయిన చుక్కని పోయిన చోటే మళ్ళీ పెట్టడం టేపక్క పని. ఖాళీ చిన్నదైతే ముందు చుక్కకీ వెనక చుక్కకీ మధ్య గీత గీస్తే సరిపోతుంది. పెద్దదైతే పక్క చుక్కల్ని అడగాలి. ఎముక సాగదు కాబట్టి తొడ ఎక్కడుందో, పిక్క ఎక్కడుందో తెలిస్తే మోకాలు ఎక్కడుండాలో తేలుతుంది. అదీ కుదరకపోతే మూడో దారి ఉంది. కుడికాలి నడకని అద్దంలోలా తిప్పి ఎడమకాలికి అతికించడం. అలా అతికించిన చోట ఎర్ర రంగు వెయ్యాలని ఆ గది రూలు. తరవాత చూసేవాళ్ళకి అది ఆ మనిషి సొంత నడక కాదని తెలియాలి.

గదిలో ఆమెతోపాటు ఇంకొకడు పని చేస్తాడు. అతన్ని అందరూ ఇస్త్రీ అంటారు. ఎంత వంకర కదలికైనా అతని చేతిలో పడితే మడత లేకుండా బయటికొస్తుంది. వణికే చెయ్యిని కూడా నున్నగా చేసి పంపుతాడని టేపక్క ఫిర్యాదు. "మడతల్లోనే కదరా మనిషుండేది" అని తిడుతుంది. "నువ్వు అనుమానపడ్డం మానెయ్యక్కా, నేను ఇస్త్రీ మానేస్తా" అంటాడతను.

అనుమానం ఆమె మానలేదు. ఆ సోమవారం పొద్దున కూడా అనుమానంతోనే మొదలైంది.

ఫైలు పిల్లి బాబాయిది. ఆయనకి యాభై రెండేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా గోడల మీంచీ కప్పుల మీంచీ సినిమాల కోసం పడుతున్న ఫైటరు. ఎంతెత్తు నుంచి దూకినా చప్పుడు కాదని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు తీస్తున్న ఆటలో దొంగ పాత్రకి ఒళ్ళంతా ఆయనదే. నాలుగు వారాలుగా రికార్డింగ్ నడుస్తోంది. బుధవారం పదింటికి అసలైన గెంతు ఉంది, పన్నెండడుగుల పరంజా మీంచి. కింద మందంగా పరుపు వెయ్యడానికి వీల్లేదు. వేస్తే కాళ్ళు అందులో కూరుకుపోయి చుక్కలు మాయమవుతాయి. అందుకని రెండంగుళాల మ్యాటు మాత్రం వేస్తారు.

టేపక్క ముందున్నవి శుక్రవారం తీసిన పదకొండు ముక్కలు. మూడడుగుల బల్ల మీంచి దూకి నాలుగడుగులు నడవడం, అంతే. పదకొండింటిలో తొమ్మిదిసార్లు ఎడమ మోకాలి బయటి చుక్క పోయింది. ప్రతిసారీ నేల తాకిన వెంటనే పోయింది.

ఆమె లేచి నేరుగా కెమెరాల మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన నిచ్చెన మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మేస్త్రీ, మీ తొమ్మిదో కెమెరా నిద్రపోతోంది."

"పొద్దున్నే నేనే దొరికానా తల్లీ?"

"ఎడమ మోకాలు తొమ్మిదిసార్లు పోయింది."

"పోతే పెట్టు. అందుకేగా నిన్ను కూచోబెట్టింది."

"కెమెరా తప్పయితే చోటుని బట్టి పోవాలి. ఆయన ఏ మూల నిలబడ్డా అదే చుక్క పోతోంది. ఇంకోటి పోవట్లేదు."

మేస్త్రి గ్లాసు కిందికి దించాడు. "అంటే నా కెమెరాల తప్పు కాదని నువ్వే తేల్చేశావుగా. మరి నా మీదికెందుకొచ్చావ్?"

"మీరేమంటారో చూద్దామని."

"ఇంట్లో మీ ఆయన ఎలా బతుకుతున్నాడమ్మా" అన్నాడాయన, మళ్ళీ గ్లాసెత్తుతూ.

తిరిగొచ్చి ఇస్త్రీని అడిగింది. "నా ఫైలు ముట్టుకున్నావా?"

"నీ ఫైలు ముట్టుకునే గుండె ఎవడికుందక్కా?"

అబద్ధం చెప్పినట్టు లేడు. అయినా అతను భోజనానికి వెళ్ళాక ఒకసారి అతని కంప్యూటరు తెరిచి చూసుకుంది. నిజంగానే ముట్టుకోలేదు.

అప్పుడు మాయమైన చుక్కని వదిలేసి, అది మాయమయ్యే వేళ మిగతా చుక్కలు ఏం చేస్తున్నాయో చూసింది. ఎడమ మణికట్టు చుక్కలు రెండూ కిందికి దిగుతున్నాయి. వేళ్ళ చుక్కలు మోకాలి దగ్గర ఆగుతున్నాయి. అడుగు ముగిసేలోగా చెయ్యి మళ్ళీ పైకి పోతోంది. తొమ్మిదిసార్లూ అంతే. మోకాలు ఎలా ఉందో కెమెరాలు చూడాల్సిన ఆ ఒక్క క్షణంలోనే అరచెయ్యి మోకాలిని మూసేస్తోంది.

టేపు వెయ్యగానే లోపలికి పోయిన పొట్టలన్నీ ఆమెకి గుర్తొచ్చాయి.

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరూ చేతులు చాపి కదలకుండా నిలబడతారు. యాభై మూడు చుక్కలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి. ఆమె బాబాయి మొదటిరోజు నిలుచున్నదీ, శుక్రవారం నిలుచున్నదీ పక్కపక్కన పెట్టింది. ఎడమ మోకాలికి లోపలొక చుక్క, బయటొక చుక్క. రెండిటికీ మధ్య దూరం కొలిచింది. మొదటిరోజుకంటే పద్నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువుంది. కుడి మోకాలు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

సొరుగులోంచి పాత టేపు తీసి పద్నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతో వేలితో చూసుకుంది. మనిషి ఒక మోకాలి దగ్గర మాత్రమే నెలలో లావెక్కడు. సూటు కింద పట్టీ ఉంది.

చివరికి పాదాలు చూసింది. మోకాలికి చెయ్యి అడ్డం పెట్టాడు గానీ బొటనవేళ్ళకి ఎవరూ ఏదీ అడ్డం పెట్టలేదు. కుడిపాదం నేలమీద ముప్ఫై ఒక్క ఫ్రేములు ఆగుతోంది. ఎడమపాదం ఇరవై రెండు. నిప్పుమీద వేసినట్టు వేసి తీసేస్తున్నాడు.

తొడ చుక్కల్నీ పిక్క చుక్కల్నీ అడిగి మోకాలిని కట్టి చూసింది. నేల తాకగానే మోకాలు లోపలికి వాలిపోయింది. మూడడుగుల ఎత్తుకే ఇలా ఉంది. పన్నెండడుగుల నుంచైతే ఆ కాలు ఏమవుతుందో లెక్క కట్టక్కర్లేదు.

మోసం చేస్తున్నాడనుకుంది. కాలు దాచి గెంతు దక్కించుకుంటున్నాడు.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ మొగుణ్ణి అడిగింది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. "ఏమండీ, మీకు మోకాలు నొప్పి పెడితే డిపోలో చెప్తారా?"

"చెప్పను."

"నాకు?"

"నీకసలు చెప్పను." ఆయన సాక్సులు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "డిపోలో చెప్తే స్టీరింగు పోతుంది. నీకు చెప్తే నిద్ర పోతుంది. ఎందుకు, నేను కుంటుతున్నానా?"

"ఇప్పటిదాకా లేదు."

"ఇప్పటిదాకా అంటుంది చూడు! కావాలంటే నాక్కూడా ఆ గోళీకాయలు అంటించవే, నీ మనసు కుదుటపడుతుంది."

ఆమె నవ్వలేదు. స్టీరింగు పోతుందన్న మాట దగ్గరే ఆగిపోయింది. కాలు సంగతి బయటపెడితే బాబాయికి గెంతు పోతుంది. యాభై రెండేళ్ళ ఫైటరుకి ఒక గెంతు పోతే తరవాతి గెంతుకి ఎవరూ పిలవరు. బయటపెట్టకపోతే కాలే పోతుంది.

మంగళవారం పొద్దున, ఎప్పణ్ణించి దాస్తున్నాడో తెలుసుకుందామని పాత ఫైళ్ళు తెరిచింది. మూడువారాల కిందటి నడక ఒకటుంది, పరిగెత్తి గోడ దూకి ఇవతల నడిచి వెళ్ళేది. అందులో కుంటు లేదు. అడుగులు చక్కగా పడుతున్నాయి. అయితే అప్పటికి కాలు బాగానే ఉందన్నమాట అనుకుని మూసేయబోయింది.

మూసేయలేకపోయింది. అడుగులు మరీ చక్కగా ఉన్నాయి. కుడి ఇరవై తొమ్మిది ఫ్రేములు, ఎడమ ఇరవై తొమ్మిది. మళ్ళీ ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. పద్నాలుగేళ్ళలో ఆమె రెండు కాళ్ళూ సమానంగా ఉన్న మనిషికి ఒక్క ప్యాంటు కూడా కుట్టలేదు.

"ఇస్త్రీ" అంది, తల తిప్పకుండా. "మూడువారాల కిందట గోడ గెంతు నువ్వే చేశావా?"

"ఏ గోడ?"

"నున్నగా ఉంది. నీ పనే."

అతను కుర్చీ జరుపుకుని వచ్చి తెర చివర చూశాడు. ఫైలు ఎవరు చేశారో అక్కడ ఉంటుంది. వేలితో చూపించి తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

అక్కడున్నది ఆమె సీటు నంబరు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆవేళ సాయంత్రానికి డైరెక్టరు మేడమ్ చూస్తానన్నారు. గోడ ఇవతల ఎడమకాలి చుక్కలు చాలావరకు రెండు సెకన్లపాటు పోయాయి. పక్క చుక్కల్ని అడిగి కట్టాలంటే నాలుగు గంటలు పడుతుంది. కుడికాలు తిప్పి అతికిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. అతికించింది. ఎర్ర రంగు తరవాత వేద్దామనుకుంది. ఆ తరవాత రాలేదు. మేడమ్ పెద్ద తెరమీద ఆ నడక చూసి, "ఈయన ఒళ్ళు చూడండి! ఆరడుగుల గెంతు ఈయనకేం సరిపోతుంది, పన్నెండు చెయ్యండి" అన్నారు. గదంతా చప్పట్లు కొట్టింది. టేపక్క కూడా కొట్టింది.

తను వేసిన అతుకు ఊడదీసింది. కింద ఖాళీ కనిపించింది. దాని అంచున, మోకాలి వైపు దిగుతున్న మణికట్టు చుక్కలు రెండు.

ఎవర్నీ అనుమానించకుండా వదలని మనిషి, మూడువారాలుగా తన పనిని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

పిల్లి బాబాయి పరంజా కింద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"బాబాయ్, ఎడమ మోకాలికి పట్టీ కట్టారు కదూ."

ఆయన చెయ్యి లేసు దగ్గరే ఆగింది. "నీకెవరు చెప్పారు టైలరమ్మా?"

"చుక్కలు చెప్పాయి. పద్నాలుగు మిల్లీమీటర్లు."

"అమ్మో, నీ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళు ఎంత ఏడ్చారో." నవ్వాడు. మళ్ళీ లేసు లాగాడు. "పట్టీ ధైర్యం కోసం. కాలికేం లేదు. ఎప్పుడో తగ్గిపోయింది."

"ఎప్పుడు?"

"మొదటి వారంలో గోడ గెంతు ప్రాక్టీసు చేస్తున్నప్పుడు కలుక్కుమంది. భయపడ్డాను, అబద్ధమెందుకు. డాక్టరు దగ్గరికి కూడా రెండుసార్లు వెళ్ళాను. తరవాత ఆవేళ పెద్ద తెరమీద నా నడక వేశారు చూడూ, నువ్వు కూడా ఉన్నావుగా. కళ్ళారా చూసుకున్నాను. కుంటు లేదు, ఏమీ లేదు. ఓహో, కాలికి తగ్గింది, నొప్పి నా బుర్రలోనే ఉందనుకున్నా. డాక్టరు దగ్గరికి మానేశా."

టేపక్క ఎదురుగా ఉన్న మెట్టు మీద కూర్చుంది.

"మరి చెయ్యెందుకు అడ్డం పెడుతున్నారు?"

"ఏ చెయ్యి?"

"దూకిన ప్రతిసారీ మోకాలు పట్టుకుంటున్నారు."

"నేనా? లేదే."

ఆయన మొహంలోకి చూసింది. ఊపిరి బిగబట్టిన మొహం కాదది. ఆయనకి నిజంగానే తెలీదు.

గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. మొదట ఆయన చప్పట్లు కొట్టించుకున్న నడక చూపించింది. తరవాత అతుకు ఊడదీసి అదే నడక. తరవాత శుక్రవారంది, తొడనీ పిక్కనీ అడిగి కట్టిన మోకాలితో. యాభై మూడు చుక్కల మనిషి దూకాడు. మోకాలు లోపలికి వాలింది. చెయ్యి దిగింది. ఎడమపాదం వేసీ వెయ్యకుండా లేచిపోయింది.

"మళ్ళీ వెయ్యి" అన్నాడు బాబాయి.

నాలుగుసార్లు వేయించుకున్నాడు. నాలుగోసారి చూస్తున్నప్పుడు ఆయన చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. అది చూసుకుని తీసేశాడు.

"మొదటిది ఎవరి కాలు?"

"మీ కుడికాలే. నేను అతికించాను. రంగు వెయ్యలేదు."

ఇస్త్రీ తన తెర వైపు తిరిగి కీబోర్డు నొక్కుతున్నాడు గానీ అక్షరం పడ్డం లేదు.

బాబాయి గొంతు తగ్గించాడు. "ఇవాళ సాయంత్రం మేడమ్ చూస్తారు కదా. మళ్ళీ అలాగే కుట్టెయ్. రేపొక్క గెంతు. అది అయిపోతే డాక్టరు దగ్గరికి నేనే వెళ్తా."

"రేపు అతికించడానికి వీల్లేదు బాబాయ్. రేపు దూకేది చుక్కలు కాదు."

"నీకు భయం. నీ తప్పు బయటపడుతుందని కాదూ?"

"అది కూడా" అంది.

ఆయన బయటికెళ్ళాడు. పట్టించుకోకుండా నడుద్దామని చూశాడు గానీ ఇప్పుడు ఆయనకే తెలుస్తోంది. తలుపు దాటేదాకా ఎడమకాలినే చూసుకుంటూ వెళ్ళాడు.

నాలుగింటికి పెద్ద తెర ముందు అందరూ కూర్చున్నారు. టేపక్క శుక్రవారం ముక్కని అలాగే వేసింది, ఖాళీని పూడ్చకుండా. తెరమీద మనిషి దూకాడు, ఎడమ మోకాలు మాయమైంది, కాలు రెండు ముక్కలై వేలాడింది.

"ఇదేంటి, పూర్తి చెయ్యలేదా?" అన్నారు మేడమ్.

టేపక్క నిలబడింది. "పూర్తి చేస్తే నిజం కాదు మేడమ్. మూడువారాల కిందట మీరు చూసిన నడకలో ఎడమకాలు బాబాయిది కాదు. కుడికాలు తిప్పి అతికించాను. ఎర్ర రంగు వెయ్యలేదు. దాన్ని చూసే మీరు గెంతు పెంచారు."

మేడమ్ ఏదో అడగబోయారు. అంతలో వెనక వరసలోంచి బాబాయి గొంతొచ్చింది.

"నిజం కాలు కూడా వెయ్యి టైలరమ్మా. దాచడమెందుకు."

వేసింది. మోకాలు వాలింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బుధవారం గెంతు ఆగిపోయింది. పైవారం ఇంకో ఫైటరు వచ్చి దూకుతాడని చెప్పారు. టేపక్క చేసిన మూడు నెలల ఫైళ్ళూ మొదటినుంచి ఇస్త్రీ చూడాలన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమె మొహం ఎర్రబడింది. ఇస్త్రీ బయటికొచ్చాక, "ఒక్క ఫైలు కూడా నున్నగా చెయ్యనులే అక్కా, ఉన్నవి ఉన్నట్టు చూస్తా" అన్నాడు. ఆమె అతన్ని అనుమానంగా చూసింది.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయి తన సంచీ తీసుకోడానికొచ్చాడు. రెండు రోజులుగా ఆమెతో మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడి, "డాక్టరు నా నడక చూడాలన్నాడు" అన్నాడు. "ఆయన గదిలో నాలుగడుగులకి మించి చోటు లేదు. నీ చుక్కలు చూపిస్తే సరిపోతుందట. ఒకసారి తీస్తావా?"

మేస్త్రి కెమెరాలు వేశాడు. బాబాయి పట్టీ విప్పి, సూటు తొడుక్కుని, చేతులు చాపి నిలబడ్డాడు. టేపక్క మోకాలి చుక్కల దూరం కొలిచింది. పట్టీ లేకపోయినా మొదటిరోజు కంటే ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. అది వాపు.

"నడవండి."

ఆయన నడిచాడు. మూడో అడుగులో చెయ్యి కిందికి దిగింది.

"చెయ్యి, బాబాయ్."

"ఛ." రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "ఇలాగైతే?"

"అలాగే రండి."

తలమీద చేతులతో ఆయన గది ఆ చివరికి వెళ్ళాడు. ఎడమపక్కకి బాగా ఒరిగిపోతున్నాడు. ఆమె కళ్ళు చికిలించింది. మరీ అంత కుంటా? పోయిన శుక్రవారం ఇంత లేదు. ఒకప్పుడు లేదని నమ్మిన మనిషి ఇప్పుడు ఉందని నమ్మి, ఉన్నదానికంటే ఎక్కువ కుంటుతున్నాడా?

"బాబాయ్, మీ వీధిలో తవ్విన గొయ్యి పూడ్చారా?"

"ఎక్కడ పూడుస్తారమ్మా!" ఆయన వెనక్కి తిరిగి నడుస్తూనే మొదలుపెట్టాడు. "నిన్న ఒక పెద్దమనిషి స్కూటరుతో సహా అందులో దిగాడు. మా ఆవిడ అరిచింది, నేను పరిగెడదామని లేచి మళ్ళీ కూచున్నా. అంతలో ఎదురింటాయన తాడు తెచ్చి, అది చాలక..."

చెబుతూ చెబుతూ ఈ చివరిదాకా వచ్చాడు. కుంటు తగ్గింది గానీ పోలేదు. పన్నెండు కెమెరాలూ మోకాలిని చూశాయి. ఒక్క ఫ్రేములో కూడా చుక్క పోలేదు.

ఆమె మొదటి సగం కోసేసి, గొయ్యి గురించి చెప్పిన సగాన్ని ఉంచింది. ఎక్కడా గీత గియ్యలేదు, ఏ చుక్కనీ అడగలేదు.

"కుట్టడానికేం లేదా?" అన్నాడు బాబాయి, ఆమె భుజం మీంచి తెర చూస్తూ.

"ఏం లేదు."

"నిజంగా?"

ఆమె ఫైలు ఇంకొకసారి మొదటినుంచి చివరిదాకా చూసి, అప్పుడు పెన్ డ్రైవు ఆయన చేతిలో పెట్టింది.